అక్కా నేనూ అడవి పనికి పోయిన ఎండాకాలం

మా బడిలో ఎండాకాలం వస్తే పిల్లలతో పాటు జీతాలకు కూడా సెలవులిస్తారు. ప్రైవేటు బడి, నేను అందులో తెలుగు పంతులు. బడికి తాళం పడిన మర్నాటి నుంచి నా దగ్గర మిగిలేవి ఛందస్సు, ఆకలి. మొదటిది ఎవరూ కొనరు, రెండోది ఎవరికీ అమ్మలేను. ఏటా ఏవో ట్యూషన్లతో నెట్టుకొచ్చేవాణ్ని. ఈ ఏడు మాత్రం మా అక్క ఉరుకుందమ్మను వెంటబెట్టుకొని అడవి పని వెతుక్కుంటూ పోయాను. వెంటబెట్టుకొని అన్నది నా మాట. అక్కను అడిగితే తనే నన్ను వెంటబెట్టుకొని పోయానంటుంది. బస్సులో కిటికీ సీటు ఎప్పుడూ ఆమెదే కాబట్టి ఆమె మాటే నిజమనుకోవచ్చు.

మాది ఆదోని దాపున నల్లరేగడి ఊరు. కంపచెట్లే మాకు అడవి. పత్తి తీతలు అయిపోగానే ఊర్లో సగం ఇండ్లకు తాళాలు పడతాయి. జనం లారీలెక్కి గుంటూరు దిక్కు మిరపకాయలకు పోతారు. ముందు కోతలు, ఆ తర్వాత ఎండాకాలమంతా రేకుల షెడ్లలో కూర్చొని ఎండుకాయలకు తొడిమలు తీయడం. అక్క, బావ ఉన్నప్పుడూ పోయింది, బావ పోయినాకా పోయింది. పోయినేడు ఆ ఘాటు ఆమె గుండెల్లో కాపురం పెట్టింది, ఇప్పటికీ ఖాళీ చేయలేదు. నవ్వినా దగ్గే, నడిచినా దగ్గే. పేరులోనే ఉరుకు ఉన్న మనిషి చేనికి పోవాలన్నా దోవలో ఆగి ఆగి పోతోంది.

"ఇంకొక ఎండాకాలం తొడిమల కాడ కూర్చుంటే ఊపిరితిత్తులు పనికిరాకుండా పోతాయి" అంది ఆదోనిలో డాక్టరమ్మ.

"కూచోకపోతే పొయ్యి పనికిరాకుండా పోతాది గదమ్మా" అంది అక్క.

మా ఊరి మిరప మేస్త్రీ బజారి. తొడిమలకు కూలీలను తీసుకపోయే అతని లారీ సోమవారం కదులుతుంది, అందులో అక్కకు చోటుంది. ఆమె నాతో ఒక ఒప్పందం చేసుకుంది. సోమవారం లోగా ఘాటు లేని పని ఏదన్నా దొరికితే లారీ ఎక్కదు. దొరక్కపోతే ఎక్కుతుంది, నేను అడ్డం పడకూడదు, కన్నీళ్లు పెట్టకూడదు, పద్యాలు చదవకూడదు. ఆత్మకూరు దిక్కు అడవిలో ఎండాకాలం మనుషులను పనిలో పెట్టుకుంటారని ఎవరో అనగా విన్నాను. ఆ ఒక్క మాట పట్టుకొని బయల్దేరాం.

కర్నూలు

బస్టాండు పక్క హోటల్లో బొరుగుల ఉగ్గాని తిన్నాం. కర్నూల్లో ఉగ్గాని అడిగితే మిరపకాయ బజ్జీ దానంతట అదే వస్తుంది, విడదీయరాని సమాసం. అక్క బజ్జీని వేళ్లతో ఎత్తి నా ప్లేటులో పడేసి, "దీని మొగం నాకు సూపించొద్దు" అంది.

"బజ్జీ లేని ఉగ్గాని అంటే పెండ్లికొడుకు లేని మెరవణి గదక్కా!" అన్నాడు హోటలతను నొచ్చుకొని.

"మెరవణి సాలప్పా. పెండ్లికొడుకుతో శానా ఏండ్లు కాపురం సేసినా."

అతను ఏమనుకున్నాడో, కాసిన్ని పుట్నాలపొడి చల్లి ఇంకో గరిటె ఉగ్గాని వేశాడు. దానికి దుడ్లు తీసుకోలేదు. రెండు బజ్జీలు తిన్న నేను మాత్రం పూర్తిగా చెల్లించాను.

ఆత్మకూరు

ఆత్మకూరు దగ్గరపడే కొద్దీ అక్క మాటలు తగ్గిపోయాయి. కిటికీలోంచి నల్లమల కొండలు మబ్బు దిగినట్టు కనిపిస్తున్నాయి. "ఇన్ని చెట్లు ఉంటే ఈళ్లకు కట్టెల కరువే ఉండదు గదరా" అంది చివరికి. అడవిని చూసి మా ఊరి మనిషి అనగలిగిన అతి పెద్ద మెప్పు అది.

ఊరి బయట ఒక జామాయిల్ తోటలో చెట్లు కొడుతున్నారు. మేస్త్రీ మమ్మల్ని చూసి జత అనుకున్నాడు. ఆ పనిలో జతలనే తీసుకుంటారట, ఒకరు కొట్టాలి, ఇంకొకరు బెరడు తీయాలి. నా చేతులు తిప్పి చూసి, "ఏమప్పా, సుద్దముక్కలు మాదిరి ఉండాయే" అంటూనే గొడ్డలి ఇచ్చాడు.

మొదటి దెబ్బ చెట్టు పక్కనుంచి పోయింది. రెండోది పడింది గానీ గొడ్డలి బయటికి రాలేదు. దాన్ని లాగబోతే కర్ర కామ ఊడి నా చేతికి వచ్చింది, గొడ్డలి చెట్టుకే ఉండిపోయింది. జీవితమంతా సంధులు కలిపినవాణ్ని, గొడ్డలికీ చెట్టుకీ ఇంత గట్టి సంధి ఎన్నడూ కలపలేదు. కొట్టేవాళ్లంతా పని ఆపి చూశారు. అక్క అప్పటికే ఒక దుంగకు సగం బెరడు లాగేసింది.

"నీ పని బాగుండాది అక్కా. జత మార్చుకొని రా, పెట్టుకుంటా" అన్నాడు మేస్త్రీ.

"పుట్టుకతో వచ్చిన జత ఇది. మార్చేదానికి ల్యాదప్పా" అంది అక్క, లేచి కొంగు దులుపుకుంటూ. ఆ మాటకు నాకు సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. రెండూ పడ్డాను.

ఎదురుగా టీ బంకు దగ్గర నిలబడి ఇదంతా చూసినవాడు దస్తగిరి. ఎండాకాలం అడవికి నిప్పు పడకుండా కాపలా కాసే వాచరు, యాభై దాటిన మనిషి. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకొని, "గొడ్డలి లేని పని ఉండాది, వస్తారా?" అన్నాడు. నిప్పుగీత పని. అడవిలో బండిబాట వెడల్పున నేలను ఆకూ గడ్డీ లేకుండా చెక్కి వదిలితే, ఒకవైపు అంటుకున్న మంట ఆ బోడినేల దగ్గరికి వచ్చి తిండి లేక ఆగిపోతుంది. చలికాలంలో చెక్కిన గీత మీద ఎండాకాలం ఆకు మళ్లీ రాలుతుంది, మళ్లీ ఊడ్చాలి. రేపు ఒక పూట చేసి చూపించమన్నాడు. ఆ రాత్రికి వాళ్లింట్లోనే పడుకోమన్నాడు. ఆయన భార్య చేసిన జొన్నరొట్టె మా ఊరి రొట్టె కంటే పలచన. అక్క దాన్ని వెలుతురుకు పట్టి చూసి, "దీంట్లోంచి సూర్యుడు కనపడతాడు వదినా" అంది. ఇద్దరూ అప్పటికే వదినామరదళ్లు అయిపోయారు.

పొద్దున్నే అడవిలోకి తీసుకపోయి, మా వంతు గీత చూపించి, దస్తగిరి తన కాపలాకు పోయాడు. మేం వంచిన నడుం ఎత్తలేదు. నేనైతే జామాయిల్ తోటలో పోయిన పరువును ఆకుల్లో వెతుక్కుంటున్నాను. ఎండ నెత్తికి వచ్చే వేళకు ఆయన తిరిగి వచ్చాడు. గీత మొదట్లో నిలబడి, చివరిదాకా చూసి, టవలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"యా అల్లా! ఏమక్కా ఇది?"

అప్పుడు మేమూ వెనక్కి తిరిగి చూశాం. ఎండుపుల్లలన్నీ ఏరి, నారతో మోపులు కట్టి, గీతకు రెండు పక్కలా వరుసగా నిలబెట్టాం. మోపెడు పుల్లల కోసం మైలు నడిచే ఊరివాళ్లం. అన్ని పుల్లలు కిందపడి ఉంటే చేతులు ఊరుకోలేదు, సాయంత్రం తీసుకపోదామని కట్టేశాం.

"నిప్పును ఆపమంటే దానికి పంక్తిలో ఆకులేసి విందు పెట్టినారు గదక్కా! మోపులు గూడా కట్టి!"

అంతటితో అయిపోలేదు. బోడిగా ఉండాల్సిన గీత నడుమ వేలెడు వేలెడు మొక్కలు నిలబడి ఉన్నాయి. గింజ రాలి మొలిచిన చెట్టుపిల్లలు. అక్క చుట్టూ గడ్డి చెక్కి, ఒక్కొక్క మొక్క మొదట్లోకి మట్టి ఎగదోసి, చెనిక్కాయ చేనులో కలుపు తీసినట్టే తీసింది. మా వంతు నిప్పుగీత కాస్తా చక్కటి చేను అయింది.

"ఇవి యాల ఒదిలిపెట్టినావు అక్కా?"

"కలుపు తీయమంటిరి. ఇవి కలుపు కాదు గదన్నా."

దస్తగిరి ఒక మొక్క దగ్గర గొంతుక్కూర్చొని, ఎగదోసిన మట్టిని వేలితో ముట్టి చూశాడు. నవ్వు తగ్గింది. "ఈడ అంతా కలుపే తల్లీ. ఒక్కటి ఉన్నా నిప్పు దాని మీద కాలుబెట్టి దాటుతాది." అక్క పార అందుకుంది, కానీ చేయి ముందుకు పోలేదు. "మొగం అట్లా తిప్పుకో" అని ఆయనే చెక్కుకుంటూ పోయాడు. నేను మోపులు విప్పి పుల్లలను దూరంగా విసిరాను. ఆకుల దుమ్ము లేచి అక్కకు దగ్గు తగులుకుంది. మద్దిచెట్టు పట్టుకొని వంగిపోయింది, చానాసేపు లేవలేదు.

ఆ దగ్గు తగ్గేదాకా దస్తగిరి నీళ్ల సీసా పట్టుకొని పక్కనే నిలబడ్డాడు. తర్వాత అన్నాడు. "ఈ పని నీకు పడదక్కా. ఈ ఆకుదుమ్ము పడదు, పీకే పని అంతకంటే పడదు. కడప దాటినాక సిద్దవటం దోవలో ఫారెస్టోళ్ల నర్సరీ ఉండాది. ఆడ మొక్కలను సాకేదే పని. ఓబులమ్మ అనే ఆమె మనుషులను ఎంచుతాది. నా పేరు సెప్పు. ఆమె ఒప్పుకుంటే ఆయమ్మ మాటే మాట."

బనగానపల్లె

నంద్యాలలో కడప బస్సు పట్టుకోవాలి. బస్టాండులో ఒక పెద్ద బోర్డు మీద తప్పులు దిద్దుకుంటూ నిలబడ్డాను, మనసులోనే. దిద్దడం పూర్తయ్యేసరికి బస్సు వెళ్లిపోయింది. అక్క బోర్డును ఒకసారి చూసింది. ఆ చూపు దెబ్బకు దొరికిన బస్సు ఎక్కించాను. అది బనగానపల్లె మీదుగా జమ్మలమడుగు దాకా పోయే చుట్టుదోవ బస్సు.

మంచికే అయింది. మామిడిపండ్ల కాలం. బస్సు ఆగగానే లోపలికి వాసనే ముందు ఎక్కింది. గంపల ముందు కూర్చున్న ముసలమ్మ దగ్గర అక్క బేరం మొదలుపెట్టింది. మా ఊర్లో బేరమంటే సగం ధర అడిగి, లేచి నడవడం. ఇక్కడ అక్క లేచి నడిస్తే ముసలమ్మ పిలవలేదు. తిరిగి వచ్చి కూర్చోవాల్సి వచ్చింది.

"నడ్సి వస్తివి గదా, కాళ్లు నొచ్చినాయా?" అంది ముసలమ్మ. "మా ఊరి పేరు పెట్టుకున్న పండు ఇది. ఇంటిపేరును సగానికి అమ్ముతారా ఎవురన్నా?"

ఇద్దరూ నవ్వారు. నవ్వు అక్కకు దగ్గు అయింది. ముసలమ్మ పక్కకు జరగలేదు. కత్తితో ఒక పండు కోసి, ముక్క అక్క నోట్లో తనే పెట్టింది. "ఊర్కే మింగు, మాట్లాడొద్దు" అంది. చెప్పిన ధరకే కొన్నాం.

అక్కడే బజారి ఫోన్ చేశాడు. "అక్కా, ఇంగెవురో అడుగుతాండారు. నీ సీటు పెట్టాల్నా, తీయాల్నా?"

అక్క నా మొహం చూసింది. నేను మామిడి టెంకను చూశాను.

"పెట్టప్పా" అంది.

జమ్మలమడుగు

ఇక్కడ చెప్పుకోవాల్సింది ఒక్క ఆటో అతన్నే. మా సంచులు చూసి పరుగున వచ్చాడు. "గండికోటకా అన్నా? లోయ చూసొద్దురు, ఫోటోలు బాగొస్తాయి."

"ఆడ పనేమన్నా ఉండాదా అప్పా?" అంది అక్క.

"పని లేనోళ్లే పోతారక్కా ఆడికి."

"అట్లయితే మేము ఎప్పుడో పోయుండాల్సింది" అన్నాను. అతను మమ్మల్ని కడప బస్సు దాకా ఊరికే దిగబెట్టాడు. కోట నేను ఇప్పటికీ చూడలేదు. చూసినవాళ్లు ఎవరన్నా ఉంటే పెన్న అక్కడ నిజంగానే అంత లోతున పారుతుందా అని నాకు చెప్పాలి.

కడప, సిద్దవటం దోవ

కడపలో దోశ అడిగితే ఎర్రకారం పూసి, మీద పొడి చల్లి ఇచ్చారు. అక్క దాన్ని చూసి, "మిరపకాయ మనకంటే ముందు బస్సుకు వచ్చినట్టుందిరా" అంది. ఆమెకు సంగటి, రోట్లో రుబ్బిన చెనిగ్గింజల ఊరిబిండి దొరికాయి. మా దిక్కు సంగటిని పళ్లెంలో పరుస్తారు, ఇక్కడ ముద్ద చేసి నడుమ గుంట పెట్టి నెయ్యి పోస్తారు. గుంట పెట్టడమే మర్యాద అని అక్క తేల్చింది.

నర్సరీ కొండల కింద ఉంది. పచ్చటి వల కప్పిన పందిళ్ల కింద నల్లసంచుల్లో ఎర్రచందనం మొక్కలు వేలకొద్దీ. అక్క వాకిట్లోనే చెప్పులు విడిచింది. ఎవరూ విడవమనలేదు.

ఓబులమ్మ అరవై దగ్గరున్న మనిషి, గట్టి గొంతు. దస్తగిరి పేరు చెప్పగానే, "ఆ నవ్వులాయన బాగుండాడా?" అంది. పని ఉంది. కానీ అక్కడ ఒక పద్ధతి ఉంది. కొత్తగా వచ్చిన ఆడమనిషి ఆ ఎండాకాలమంతా జల్లెడ పట్టాలి. ఎర్రమన్ను, ఇసుక, ఎండిన ఎరువు కలిపి జల్లించి సంచులు నింపాలి. మొక్కను ముట్టుకునేది మరుసటి ఏడే. పందిట్లో ఉన్న ఆడవాళ్లంతా అట్లా జల్లెడ పట్టి వచ్చినవాళ్లే.

నేను సంచి మళ్లీ భుజానికి ఎత్తుకోబోయాను. అక్క మాత్రం "సరే అమ్మా" అని కొంగు ముక్కుకు చుట్టి కూర్చుంది.

జల్లెడ ఊపినప్పుడల్లా ఎర్రటి పొగ లేస్తోంది. అక్క దగ్గు రాకుండా మెడనరాలు బిగపట్టుకొని ఊపుతోంది. మొహం మన్ను కంటే ఎర్రబడింది. నీళ్లకు పోతానని లేచి తొట్టి వెనక్కి పోయింది. అక్కడి నుంచి వినపడింది. కొంగు నోట్లో కుక్కుకొని దగ్గితే వచ్చే శబ్దం. తిరిగి వచ్చి, ఏమీ కానట్టు జల్లెడ అందుకుంది. రెండోసారి లేచినప్పుడు ఓబులమ్మ ఎదురుగా నిలబడింది.

"ఏం దగ్గు అది?"

"దుమ్ముకమ్మా."

"దుమ్ము అందరికీ లేసింది. అందరూ దగ్గల్యా."

అక్క తల దించుకుంది. ఇంకొక అబద్ధం చేతకాదు, నిజం చెప్పే ధైర్యం లేదు. నిజం చెబితే సోమవారం లారీ. నేను చెప్పేశాను. మిరపకాయలు, తొడిమలు, డాక్టరమ్మ మాట, లారీ, అంతా. అక్క నన్ను చూసిన చూపు నంద్యాల బోర్డును చూసిన చూపుకు పెద్దక్క.

ఓబులమ్మ పందిరి దిక్కు ఒకసారి చూసింది. "నేను మొక్కల కాడికి పంపొచ్చు. కానీ వీళ్లంతా ఒక ఎండాకాలం ఈ దుమ్ము తాగినోళ్లు. ఈ పొద్దే వచ్చినామెను లోపల కూచోబెడితే నన్ను బతకనిస్తారా? జల్లెడ ఎవురో ఒకరు పట్టాల."

"నేను పడతా" అన్నాను.

పందిట్లోంచి నవ్వులు లేచాయి. అక్కడ మగవాళ్లు గుంతలు తవ్వుతారు, నీళ్లు మోస్తారు. జల్లెడ ముట్టరు. "మొగాయప్ప జల్లెడ పడతాడంట!" అని ఒకామె ఇంకొకామెను పొడిచింది. "గాజులు తెచ్చియ్యాల్నా అన్నా?" అని మరొకామె. నేను కూర్చొని, రుమాలు మూతికి కట్టుకొని, ఊపడం మొదలుపెట్టాను. వృత్తాల్లో బతికినవాణ్ని కదా, జల్లెడను గుండ్రంగా తిప్పడం ఒక్కటే నాకు వచ్చిన విద్య అని తేలింది. సగం మన్ను నా ఒళ్లో పడింది. నవ్వులు ఇంకా పెరిగాయి, కానీ వాటిలో గరుకు పోయింది.

ఓబులమ్మ ఆ నవ్వులను కొంచెంసేపు విన్నది. తర్వాత పందిరి దిక్కు తిరిగి, "ఏమ్మే, ఈయప్ప పట్టే జల్లెడ ఆమె లెక్కలో ఏస్తామా?" అంది. గాజులు తెస్తానన్నామే జవాబు చెప్పింది. "ఏద్దాం లేక్కా. దుమ్ము దుమ్మే గదా, ఎవురు తాగితే ఏముండాది."

అక్కను తడి మళ్ల దగ్గర కూర్చోబెట్టారు. నారుమడిలోంచి మొలకను వెదురుపుల్లతో లేపి, కాండం నలగకుండా ఆకు పట్టుకొని, సంచిలో నాటాలి. మొలక అంటే దారమంత. అక్క రెండు వేళ్లతో లేపింది, నాటింది, బొటనవేలితో మట్టి అదిమింది. ఇంకొకటి. ఇంకొకటి. ఓబులమ్మ వంగి చూసింది.

"ఎవురు నేర్పించినారు నీకు?"

"ఎవురూ ల్యాదమ్మా. కాయ పగలకుండా తొడిమ తీసిన యేళ్లు ఇవి."

ఓబులమ్మ ఆ వేళ్లను కాసేపు చూసి, ఫారెస్టు గార్డు సారుకు మా ఇద్దరి పేర్లూ చెప్పడానికి పోయింది.

మధ్యాహ్నం నా జేబులో ఫోన్ మోగింది. అక్క చేతుల నిండా బురద. నేనే ఆమె చెవి దగ్గర పట్టుకున్నాను. బజారి గొంతు నాకూ వినపడుతోంది.

"యాడుండావక్కా? రేపటి లారీకి మూటలు ఎక్కిస్తాండారు ఈడ."

"అడవిలో ఉండా."

"తమాషా సాలు. ఎప్పుడొస్తావు?"

"రానప్పా. నా సీటు తీసెయ్." ఫోన్లో ఆ చివర ఆడవాళ్ల మాటలు, ఎవరో పిల్లదాన్ని కేకేయడం. "బజారీ, ఎక్కేటోళ్లందరినీ మూతికి తడిగుడ్డ కట్టుకోమను. నాగమ్మ పిన్నికి గట్టిగా సెప్పు. పోయినేడు ఆయమ్మ గూడా రాత్రిళ్లు దగ్గుతానే ఉండె. ఎవురికీ సెప్పల్యా."

ఫోన్ తీసేశాను. అక్క మోచేత్తో కళ్లు తుడుచుకుంది, మన్ను చెంపకు అంటింది. నేను ఏదో అనబోయాను. "పోరా, నీ పని సూసుకో" అంది. పోయి కూర్చున్నాను.

తొలివానలు పడి మొక్కలు లారీలెక్కి కొండలకు పోయేదాకా అక్కడే ఉన్నాం. కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది ఆ మొదటి మధ్యాహ్నమే. ఫోన్ తర్వాత అక్క వరుస మీద వరుస నాటుకుంటూ పోయింది. ఓబులమ్మ పక్కగా పోతుంటే తల ఎత్తకుండానే అడిగింది.

"అమ్మా, ఇంకొక మనిషికి ఈడ జాగా ఉంటాదా? మా నాగమ్మ పిన్ని. నాకంటే మెత్తని చేయి."

"ఆమెకూ దగ్గేనా?"

"దగ్గే."

"మరి ఆమె జల్లెడ?"

అక్క మొలకను సంచిలో నిలబెట్టి, మట్టి అదిమి, అప్పుడు నా దిక్కు చూసింది.

"ఎట్లన్నా మా తమ్ముడు పడతాండాడు గదమ్మా" అంది.